వాన తగలని తంగేడు

మా ఊరి బీట్లో తంగేడు ఉందని ఎవరూ ఎప్పుడూ చెప్పుకోలేదు. ఉంది కాబట్టి ఉంది, అంతే. తంగేడుతో బాటు వెంపలి, తుత్తురబెండ, ముళ్లగోరింట, బోదగడ్డి కూడా ఉండేవి. వాటికి నీళ్లు పోసినవాడు లేడు. వానలు ఎగ్గొట్టిన ఏడు ఆకులు రాల్చుకుని కట్టెల్లా నిలబడతాయి. నాలుగు చినుకులు పడితే పూస్తాయి. పూస్తే తుమ్మెదలు చేరతాయి, కాయలైతే పిట్టలు చేరతాయి. ఆ సందుల్లో సుంకులమ్మ గొర్రెలు గడ్డి మేస్తాయి. బీడుకొట్టాల అనే మా ఊళ్లో ఇదేదీ విశేషం కాదు.

విశేషమని తెలిసింది దక్షిణామూర్తిగారు జీపు దిగిన రోజు.

ఆయన ప్రాజెక్టు అధికారి. మనిషి బక్కగా, కళ్లద్దాలు మందంగా ఉన్నాయి. పంచాయతీ అరుగు మీద కుర్చీ వేయించుకుని, ఊరినంతా కూర్చోబెట్టి, కాగితం చూడకుండానే చదివినట్టు చెప్పాడు:

"పరాగ సంపర్క కారకములైన కీటకముల మరియు విహంగముల పరిరక్షణార్థం, అనావృష్టి సహిష్ణు దేశీయ బహువార్షిక పుష్పజాతుల ప్రయోగాత్మక క్షేత్రానికి మీ గ్రామం ఎంపికైంది. అభినందనలు."

మేం చప్పట్లు కొట్టాం. తర్వాత సర్పంచి తిమ్మారెడ్డి మెల్లగా అడిగాడు.

"అంటే ఏమి సారూ?"

"పూలమొక్కలు నాటుతాం. ఇక్కడివే. కరువుకు తట్టుకునేవి. తేనెటీగలు, పిట్టలు వస్తాయి."

వెనకాల కంబళి కప్పుకుని నిలబడ్డ సుంకులమ్మ గొంతు లేచింది. ఆమెకు గొర్రెలు తప్ప వేరే ఆస్తి లేదు. మొగుడు పోయినప్పటి నుంచి ఆ మందతోనే బతుకుతోంది.

"అవి ఉండాయి గదా సారూ మా బీట్లో. తంగేడు బోలెడుంది."

దక్షిణామూర్తిగారు కళ్లద్దాలు సర్దుకున్నాడు. "ఉందా? నాటిన తేదీ ఏది?"

"ఎవురూ నాటల్యా సామీ. అదే మొలిచింది."

"నాటిన తేదీ లేకపోతే వయసు తెలియదు. వయసు తెలియకపోతే పెరుగుదల తెలియదు. పెరుగుదల తెలియని మొక్క శాస్త్రీయంగా లేనట్టే."

"లేనట్టే అంటే ఎట్ల సారూ, పోయిన వారమే దాని కొమ్మ దిగి నా కాలు చీరకపాయె."

"మీ కాలు నేను కాదనడం లేదమ్మా," అన్నాడాయన మర్యాదగా.

అలా మొదలైంది.

*

ముందు జేసీబీ వచ్చింది. దేశీయ పూలమొక్కలు నాటాలంటే నేల శుభ్రంగా ఉండాలి. నేల శుభ్రంగా ఉండాలంటే దాని మీద ఏ మొక్కా ఉండకూడదు. కాబట్టి బీట్లో ఉన్న తంగేడు, వెంపలి, తుత్తురబెండ అన్నిటినీ గీరేసింది. బోదగడ్డిలోంచి కౌజుపిట్టలు గుంపులుగా లేచి వంక అవతలికి పోయాయి. సాయంత్రానికి బీడు కొత్తగా గుండు చేయించుకున్న తలలా ఎర్రగా మెరిసింది. దక్షిణామూర్తిగారు చుట్టూ తిరిగి చూసి, "ఇప్పుడు ఈ నేల దేశీయ జాతులకు అనుకూలంగా ఉంది," అన్నాడు.

తర్వాత లారీ వచ్చింది. పట్నంలో ఏదో పెద్ద నర్సరీ నుంచట. నల్ల సంచుల్లో మొక్కలు దించారు. తంగేడు, వెంపలి, తుత్తురబెండ. వరసలు గీసి నాటారు. ఒక్కో మొక్క పక్కన రేకు ముక్క పాతి, దాని మీద పేరు, నాటిన తేదీ రాశారు. చుట్టూ ముళ్లకంచె వేశారు. ఒక గేటు, దానికి తాళం.

సుంకులమ్మ గొర్రెలతో కంచె బయట నిలబడి చూసింది.

"ఏమిరా మద్దిలేటీ, పెరికిందీ తంగేడే, నాటిందీ తంగేడే. మజ్జలో లారీ ఏమిటికొచ్చె?"

"తేదీ తెచ్చింది అక్కా," అన్నాను.

మద్దిలేటి అంటే నేనే. తాళంచెవి నా మొలతాడుకే ఉంది. కాపలాకు మనిషి కావాలంటే తిమ్మారెడ్డి నా పేరు చెప్పాడు. "వీడు మాట్లాడడు సారూ. అడిగితే గూడా సగమే చెప్తాడు," అన్నాడు. దక్షిణామూర్తిగారికి ఆ గుణం నచ్చింది. మూడు తరాలుగా గొర్రెలు కాసిన ఇంటి కొడుకును నేను, బీడు నాకు కొత్త కాదు. బీడుకు కాపలా ఉండటమే కొత్త.

గేటు పడ్డ తెల్లారి నుంచి సుంకులమ్మకు మేత లేదు. రోడ్డు పక్క తోలితే లారీలు, చేన్ల గట్ల మీద తోలితే తగాదాలు. వేపమండలు కొట్టి వేసింది. గొర్రెల డొక్కలు లోపలికి పోయాయి. అది కనిపెట్టి బేరగాడు నరసింహులు వారానికోసారి వచ్చి, అడగకుండానే గొర్రెల వీపులు తడిమి చూసేవాడు.

"అమ్మేయ్ పిన్నమ్మా. ఇంకో నెల పోతే తోలు ఎత్తుకపోయేదానికి గూడా రాను."

"నీ సెయ్యి తీ ముందు. అది నిన్నేమన్నా బేరం సెయ్యమని పిల్సిందా?" అనేది ఆమె. అని, నరసింహులు పోయాక కంచె వైపు చూసేది. తర్వాత నా వైపు. నేను తాళం వైపు చూసేవాణ్ణి.

*

ప్రయోగానికి ఒకే షరతు ఉంది. అది గేటు మీద బోర్డు రాయించారు. మొక్కలు నాటిన నాటి నుంచి పరిశీలక బృందం వచ్చేవరకు క్షేత్రంలో ఏ రూపంలోనూ నీరు తగలరాదు. తగలకుండా మొక్కలు బతికితే, అవి కరువుకు తట్టుకుంటాయని తేలుతుంది, బీడు శాశ్వత పుష్పక్షేత్రం అవుతుంది. నీరు తగిలితే ప్రయోగం రద్దు, భూమి పంచాయతీకి వాపసు.

"ఏ రూపంలోనూ అంటే?" అన్నాను.

"ఏ రూపంలోనూ," అన్నాడు దక్షిణామూర్తిగారు.

పిట్టలకోసం గట్టున పెట్టిన మట్టిమూకుళ్లు మొదట తీయించాడు. పిట్ట తాగుతూ చిందిస్తే? తర్వాత ఒక పొద్దున వచ్చి ఆకుల మీద మంచు చూశాడు. ఆయన ముఖం పాలిపోయింది.

"ఇదేమిటి?"

"మంచు సారూ."

"ఇది రోజూ పడుతుందా?"

"పొద్దున పూట పడుతుంది."

"ఇన్నాళ్లూ నాకు చెప్పలేదేం?"

"మీరు పొద్దున పూట రాలేదు."

ఆ రోజు నుంచి నాకు ఒక పాత పంచె ఇచ్చారు. ఎండ రాకముందే వరసల వెంట పోయి ప్రతి ఆకూ తుడవాలి. తుడిచాను. పెళ్లిలో విస్తరాకులు తుడిచినట్టు, ఒక్కో తంగేడు ఆకు ఒత్తి తుడిచాను. ఊళ్లో ఆడవాళ్లు బిందెలతో పోతూ ఆగి, "మద్దిలేటన్నా, మా ఇంట్లో గూడా రవ్వంత బూజుంది, వస్తావా?" అని అడిగేవాళ్లు.

ఆ తర్వాత తీతువు వచ్చింది. ఎర్రమట్టిలో గులకరాళ్ల మధ్య గుడ్లు పెట్టింది. ఎండ ముదిరితే ఆ పిట్ట వంకలో మడుగుకు పోయి, పొట్ట ఈకలు తడుపుకొచ్చి, గుడ్ల మీద కూర్చుని చల్లబరుస్తుంది. ఇది దక్షిణామూర్తిగారి కంట పడింది. ఆయన గుడ్ల నుంచి వంక దాకా అడుగులతో దూరం కొలిచాడు.

"ఈ పక్షి క్షేత్రంలోకి నీరు రవాణా చేస్తోంది," అన్నాడు చివరికి.

"గుడ్లకు సారూ."

"ఉద్దేశం ఏదైనా ఉల్లంఘన ఉల్లంఘనే. తడిపొట్టతో వచ్చినప్పుడు తోలెయ్. ఆరిన తర్వాత రానివ్వు."

పక్షుల కోసం పెట్టిన తోటలో పక్షుల్ని తోలే పని కూడా నాదయింది. ఒక పూట తోలాను. అది నా నెత్తి మీద తిరుగుతూ, ఊరంతా వినబడేలా తిట్టింది. రెండో పూట ఆయన జీపు కనబడినప్పుడే తోలాను.

*

జ్యేష్ఠం పోయింది. వాన రాలేదు. చెనిక్కాయ విత్తనాలు సంచుల్లోనే ఉన్నాయి. ఊళ్లో పెద్దవాళ్లు కూడి వరదపాశం చేద్దామన్నారు. వానలు రాకపోతే చేసే పని ఇది. ఇంటింటా బియ్యం, బెల్లం ఎత్తి, కొండ కింద బండ కడిగి, పాయసం వండి ఆ బండ మీద పోస్తారు. అందరూ మోకాళ్ల మీద కూర్చుని, చేతులు వెనక్కి కట్టుకుని నాలుకతో నాకాలి. నాకుతూ వాన దేవుణ్ణి పిలవాలి. చిన్నప్పుడు నాకు వాన కంటే బెల్లం మీదే ధ్యాస ఉండేది.

పాశం పొయ్యి మీదుండగా జీపు వచ్చింది.

"ఏం జరుగుతోందిక్కడ?"

తిమ్మారెడ్డి చెప్పాడు. దక్షిణామూర్తిగారు విని నుదురు తుడుచుకున్నాడు.

"నేను హేతువాదిని. పాయసం నాకితే వాన వస్తుందని నమ్మను."

"నమ్మకపోతే ఏమి సారూ, మీరూ రెండు నాకులు నాకండి."

"నమ్మను. కానీ రిస్కు తీసుకోలేను. క్షేత్రానికి ఇంత సమీపంలో వర్షాన్ని ఆహ్వానించే కార్యక్రమాలు అనుమతించడం కుదరదు. ఒకవేళ వస్తే ఎవరిది బాధ్యత?"

"రావాలనే గదా సారూ చేస్తాండేది!"

"అదే నా అభ్యంతరం."

పొయ్యిలో నీళ్లు పోయించబోయి, నీళ్లని గుర్తొచ్చి, మట్టి వేయించాడు. అందరూ లేచి ఇళ్లకు పోయారు. సుంకులమ్మ మాత్రం కదలలేదు. జీపు పోయేదాకా చూసింది. తర్వాత తలకు గుడ్డ చుట్టుకుని ఉడికీ ఉడకని ఆ పాశం గిన్నె నెత్తికెత్తుకుంది.

"యాడికక్కా?"

"వంక దాటితే మన ఊరి ఎల్ల గాదు. ఈయప్ప బోర్డు అక్కడ పన్జేయదు."

అవతలి ఒడ్డున బండ మీద పోసి ఆమె ఒక్కతే నాకింది. నేను ఇవతలి ఒడ్డునుంచి చూశాను. నడుం పట్టేసి లేవలేకపోతే వంక దాటిపోయి లేపాను. మూతికి బెల్లం అంటుకుని ఉంది.

"ఏమని మొక్కుకుంటివి?"

"నా గొర్లు అమ్మకుండా సూడు సామీ అని. వానో గీనో అది ఆయన ఇష్టం."

*

మూడోనాటి మధ్యాహ్నం నైరుతిలో మబ్బు లేచింది. అంత నల్లటి మబ్బు చాలా ఏళ్లకు చూశాం. ఊరంతా వీధిలోకి వచ్చి నిలబడింది. మబ్బు కంటే ముందు లారీ వచ్చింది. లారీ నిండా టార్పాలిన్ పట్టలు, గుంజలు, తాళ్లు. వెనకే జీపులో దక్షిణామూర్తిగారు.

"రండి, రండి! కూలి ఇస్తాం. క్షేత్రం మొత్తం కప్పాలి!"

కరువుకు తట్టుకునే మొక్కల్ని వానకు తట్టుకునేలా చేయటం మాకు కొత్త పని. అయినా కూలి పని కూలి పనే. గుంజలు పాతాం, పట్టలు కట్టాం. బీడు పెళ్లిపందిరి అయింది. వాన కొలిచే డబ్బా కూడా పందిరి కింద పడింది. ఆ డబ్బా క్షేత్రం లోపలే ఉండాలని శాఖ నియమం. అంతకుముందు మా ఊరి వానను మండలాఫీసు మిద్దె మీద కొలిచేవాళ్లు. దక్షిణామూర్తిగారే పైవాళ్లకు రాసి, బీడుకొట్టాల వానకు ఈ డబ్బానే ప్రమాణమని మార్పించాడు.

వాన పడింది. ముందు ఆ వాసన, తర్వాత చప్పుడు. పట్టల మీద పడి నాలుగు పక్కలా కాలవలై పారింది. మనుషులు తలలెత్తి నోళ్లు తెరిచి నిలబడ్డారు. తిమ్మారెడ్డి పంచె ఎగగట్టి గంతులేశాడు. సుంకులమ్మ గొర్రెల్ని తోలుకుని నేరుగా గేటు కాడికి వచ్చింది. గొర్రెల ఊలు నుంచి నీళ్లు కారుతున్నాయి.

"తీయ్ రా మద్దిలేటీ తాళం. నీరు తగిలింది. మన భూమి మనకొచ్చె."

నేను దక్షిణామూర్తిగారి వైపు చూశాను. ఆయన పట్టల కిందికి వంగి పోయి, డబ్బా మూత తీసి, లోపలికి చూసి, బయటికి వచ్చి అందరికీ వినబడేలా చెప్పాడు.

"సున్నా."

"సున్నా ఏంది సారూ?"

"వర్షపాతం. సున్నా. బీడుకొట్టాలలో ఈ రోజు వాన పడలేదు."

నీళ్లు ఆయన కళ్లద్దాల మీద నుంచి కారుతున్నాయి. మాట కూడా వానలో సరిగా వినబడలేదు, రెండోసారి గట్టిగా చెప్పాల్సి వచ్చింది.

"మేమంతా తడిసినాం గదా సారూ!" అన్నాడు తిమ్మారెడ్డి. చొక్కా పిండి చూపించాడు.

"మీరు తడిసింది వాస్తవమే కావచ్చు. కానీ మీరు వర్షమాపకాలు కాదు."

సుంకులమ్మ గొర్రెల్ని వెనక్కి తిప్పింది. నరసింహులు గొడుగు కింద రోడ్డు పక్క నిలబడి ఉన్నాడు.

*

ఆ నెలలో వాన ఆగి ఆగి పడుతూనే ఉంది. చెనిక్కాయ విత్తాం. మొలిచింది. వంకలో నీళ్లు వచ్చాయి. డబ్బాలో సున్నా, సున్నా, సున్నా. రోజూ పొద్దున ఆ సున్నాను ఫోనులో పైకి పంపే పని నాదే. చూసి చెప్పాలి కాబట్టి చూసి చెప్పాను. అబద్ధం ఎన్నడూ చెప్పలేదు.

ఆ సున్నాలన్నీ పైన ఎక్కడో ఒక చోట కూడాయి. కూడినా సున్నానే గదా. ఆషాఢం చివర ఒకరోజు తలారి వీధిలో తప్పెట కొట్టుకుంటూ వచ్చాడు.

"ఇందుమూలంగా తెలియజేయడమేమనగా, చినుకు పడనందున బీడుకొట్టాల కరువు గ్రామమని ప్రకటించడమైనది! కంచెలు వేసిన ప్రభుత్వ భూములన్నీ వాన నమోదయ్యే దనకా పశువుల మేతకు తెరవవలెనహో!"

తలారి తప్పెట తోలు తడిసి, చప్పుడు డబ్ డబ్ అనకుండా బుస్ బుస్ అంటోంది. అరుగు మీద కూర్చున్న మాకు ఆ మాట లోపలికి దిగటానికి కొంచెంసేపు పట్టింది. ముందు దిగింది తిమ్మారెడ్డికి.

"ఒరే, వాన పడిందని కొట్లాడి గెలిచినామనుకో. భూమి వాపసు ఫైలు కదలాల. అది కదిలేతలికి మనం ఉండం. పడలేదని ఒప్పుకున్నామనుకో, గేటు ఈరోజే తెరవాల."

"అయితే ఏమంటావు మామా?"

"ఏమంటానా? ఎవరన్నా అడిగితే సుక్క పడలేదు. ఇంటిమి గదా అందరం?"

విన్నాం. ఊళ్లో అప్పటికప్పుడు వాన ఆగిపోయింది. చూరుల నుంచి నీళ్లు మాత్రం కారుతున్నాయి.

దక్షిణామూర్తిగారికి కబురు ముందే అందింది. గొర్రెలు లోపలికి పోతే మొక్కలు ఏమవుతాయో అని జీపు దూకించుకుంటూ వచ్చాడు. ఊరి మొగదల పల్లంలో జీపు దిగబడింది. ముందు చక్రాలు ఇరుసు దాకా మునిగాయి. డ్రైవరు గేరు మారుస్తుంటే బురద గోడల మీదికి ఎగిరింది. ఊరంతా చేరాం.

"చూస్తారేం? తోయండి!"

తిమ్మారెడ్డి వినయంగా ముందుకొచ్చాడు. "దేంట్లోంచి సారూ?"

"దేంట్లోంచేమిటయ్యా, బురదలోంచి!"

"బురదా?" తిమ్మారెడ్డి వంగి చూశాడు. మా వైపు తిరిగాడు. "బురదంటాడేమప్పా సారు. వాన లేని ఊళ్లో బురద యాడిది?"

"దుమ్ము సారూ అది," అంది సుంకులమ్మ. "మా ఊరి దుమ్ము రవ్వంత మెత్తగుంటాది."

"సల్లగా గూడా ఉంటాది," అన్నారు ఎవరో.

"నువ్వు చెప్పు మద్దిలేటీ!" అని ఆయన నా వైపు తిరిగాడు. మాట్లాడనివాడు నిజం చెబుతాడని ఆయన నమ్మకం. "వాన పడిందా లేదా?"

"పొద్దున సున్నా పంపినాను సారూ. మీకూ వచ్చింటాది."

ఆయన జీపులోంచి దిగాడు. దిగినవాడు పిక్కల దాకా దిగాడు. అక్కడే నిలబడి ఆలోచించాడు. ఆ ముఖం చూస్తే ఎవరికైనా జాలి వేసేది. వాన పడిందంటే ప్రయోగం పోతుంది. పడలేదంటే గొర్రెలు వస్తాయి. ఈలోగా కాళ్లు కూరుకుపోతున్నాయి. ఒక చెప్పు లోపలే ఉండిపోయింది.

"ఇది," అన్నాడు చివరికి, మాట మాటా వెతుక్కుంటూ, "వర్షేతర ఆర్ద్రత."

తిమ్మారెడ్డి ముఖం వెలిగింది. "అట్ల సెప్పండి సారూ! ఆర్ద్రతలోంచి తోయమంటే ఎందుకు తోయం? పట్టండప్పా!"

తోశాం. జీపు ఒక్క ఊపున గట్టెక్కింది. ఆర్ద్రత మా అందరి ముఖాల మీదా పడింది.

ఆయన గేటు దగ్గరికి కుంటుకుంటూ వచ్చి, నేను తాళం తీస్తుంటే చివరి ప్రయత్నం చేశాడు. "అమ్మా, గొర్రెలు వెళ్లవచ్చు. ఉత్తర్వు ఉత్తర్వే. కానీ షరతు గుర్తుందిగా. క్షేత్రంలో ఏ రూపంలోనూ నీరు తగలరాదు. గొర్రెలు లోపల ఉచ్చ పోస్తే?"

సుంకులమ్మ గొర్రెల వైపు తిరిగి చూసింది. ఎంతో బాధ్యతగా తల ఊపింది.

"సెప్పి సూస్తా సారూ. ఇంటాయో లేదో."

*

లోపల పట్టల కింద పరిస్థితి ఇంకో రకంగా ఉంది. పట్నం నుంచి వచ్చిన తంగేడు నల్ల సంచుల్లోనే బీడు అలవాటు తప్పిందేమో, పట్టల ఉబ్బకు మాడి రేకు ముక్కల పక్కన నిలువునా ఎండిపోయింది. కానీ జేసీబీ గీరింది పైపైనే. వేర్లు కిందే ఉన్నాయి. కాలవల్లో పారిన నీళ్లు నేల అడుగున అక్కడిదాకా పోయాయి. పాత తంగేడు, పాత వెంపలి, ఎవరూ నాటనివి, వరసలూ గిరసలూ లేకుండా లేచాయి. పందిరి పక్కల నుంచి వెలుతురు పడేచోట మొగ్గలు కూడా తొడిగాయి.

దక్షిణామూర్తిగారు రేకు ముక్కలు ఒక్కొక్కటే చదువుకుంటూ వరసల వెంట నడిచాడు.

"పేరు బోర్డు చచ్చిన మొక్క పక్కన ఉండటం శాఖకు గౌరవం కాదు. బతికినదాని పక్కకు జరుపు," అన్నాడు.

జరిపాను. అలా వాటికీ తేదీలు వచ్చాయి. అవీ శాస్త్రీయంగా ఉన్నట్టయింది.

గొర్రెలు తంగేడు ముట్టవు. వెంపలి కూడా తప్పనిసరైతే తప్ప ముట్టవు. మధ్యలో దట్టంగా లేచిన గడ్డి మేశాయి. గడ్డి తగ్గేసరికి పూలు పైకి తేలాయి. గొర్రెల కాళ్ల కింద లేచిన పురుగుల కోసం గోరింకలు, తెల్లకొంగలు దిగాయి. ఎక్కడి నుంచి విన్నాయో తుమ్మెదలు కూడా వచ్చాయి. పిట్టలు గుంజల మీద కూర్చుని పట్టల మీద రెట్టలు వేశాయి. సుంకులమ్మ గొర్రెల డొక్కలు సమమయ్యాయి. నరసింహులు ఒకసారి వచ్చి తడిమి, చేతులు దులుపుకుని పోయాడు.

కానీ సుంకులమ్మకు నిద్ర లేదు.

"పూసింది సూడు. బాగా పూసింది. ఇంగ ఆ పెద్దోళ్లు వచ్చి మెచ్చుకుంటే శాశ్వతమంటారు. శాశ్వతమైతే మళ్లా తాళం. అప్పుడేమి సేస్తాంరా?"

నేను మొలతాడుకున్న తాళంచెవి తడుముకున్నాను.

*

పరిశీలక బృందం శ్రావణంలో వచ్చింది. బృందం అంటే అనసూయాదేవి గారు, ఆమె వెంట ఫోటోలు తీసే మనిషి ఒకడు. ఆమె పెద్దావిడ, తల నెరిసింది, నడక నిదానం. ఆమె జీపు దిగేసరికి సన్నగా చినుకు మొదలైంది. తిమ్మారెడ్డి పరిగెత్తుకొచ్చి గొడుగు పట్టాడు.

"ఇదేమిటండీ?"

"ఎండ మేడం," అన్నాడు తిమ్మారెడ్డి. "మా వైపు ఎండ జాస్తి."

ఆమె గొడుగు అంచున వేలాడుతున్న చుక్కను చూసింది. చుక్క రాలింది. ఆమె గేటు వైపు నడిచింది.

దక్షిణామూర్తిగారు వరసల వెంట నడిపిస్తూ వివరించాడు. నాటిన నాటి నుంచి చినుకు తగలకపోవడం, ఆకుల మంచు తుడిపించడం, తీతువు రవాణాను అరికట్టడం, వర్షేతర ఆర్ద్రతను ఎదుర్కోవడం. ఆమె తంగేడు పువ్వు మీద తుమ్మెదను చూసింది. గొర్రెల వెనకాల నడుస్తున్న కొంగల్ని చూసింది. వంగి డబ్బాలోకి చూసింది. తలెత్తి డబ్బా పైనున్న పట్టను చూసింది. పట్ట మీద చినుకులు టపటపమంటున్నాయి.

"ఎన్నాళ్లుగా సున్నా?" అని నన్ను అడిగింది.

"మొదటి నుంచీ మేడం."

"అయినా ఇంత పచ్చగా ఉంది."

"కరువుకు తట్టుకునేవి మేడం," అన్నాడు దక్షిణామూర్తిగారు.

"తట్టుకున్నాయి. స్పష్టంగా కనబడుతోంది," అందామె. "ప్రయోగం నెగ్గింది. శాశ్వత పుష్పక్షేత్రానికి సిఫార్సు చేస్తాను."

దక్షిణామూర్తిగారి కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి క్షేత్రంలో పడకుండా కంచె బయటికి పోయి తుడుచుకున్నాడు.

సుంకులమ్మ అప్పుడు ముందుకొచ్చింది. ఎప్పుడూ తిట్టినట్టే మాట్లాడే మనిషి గొంతు తగ్గించి మాట్లాడింది.

"నా గొర్లు, తల్లీ? వాటినెప్పుడు బయటికి తోలాల?"

"ఉత్తర్వులో ఏముంది?"

"వాన నమోదయ్యే దనకా ఉండొచ్చన్నారు. అదెప్పుడు నమోదయితాది?"

అనసూయాదేవి గారు దక్షిణామూర్తిగారి వైపు తిరిగింది. "శాశ్వత క్షేత్రంలో నీటి షరతు ఉంటుందా?"

"అదే మూల సూత్రం మేడం! ఎప్పటికీ నీరు తగలరాదు. పట్టలు కూడా శాశ్వతంగా మంజూరు చేయమని ప్రతిపాదన పంపాను."

"డబ్బా?"

"క్షేత్రం లోపలే. అది కూడా మూల సూత్రమే."

"అయితే నీరు తగిలితే క్షేత్రం ఉండదు. క్షేత్రం ఉన్నంతకాలం డబ్బాలో సున్నా ఉంటుంది." ఆమె ప్రతి మాటా దారం ఎక్కించినట్టు నిదానంగా అంది. "సున్నా ఉన్నంతకాలం కరువు ఉంటుంది. కరువు ఉన్నంతకాలం గేటు తెరిచి ఉండాలి. అంతే కదా?"

దక్షిణామూర్తిగారు వేళ్లు మడుస్తూ లెక్క వేసుకున్నాడు. చివరి వేలు దగ్గర ఆగాడు.

"అంతే మేడం," అన్నాడు నీరసంగా.

సుంకులమ్మ మొదట అర్థం కాక నా వైపు చూసింది. నేను మొలతాడు నుంచి తాళంచెవి విప్పి ఆమె చేతిలో పెట్టాను. అప్పుడు అర్థమైంది. కంబళి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు ఊగేలా నవ్వింది. ఆమె అలా నవ్వటం నేను అంతకుముందు చూడలేదు. అనసూయాదేవి గారు మాత్రం నవ్వలేదు. గొడుగు మడిచి, నీళ్లు దులిపి, "ఎండ ఎక్కువగానే ఉంది," అని జీపెక్కింది.

అప్పటి నుంచి మా ఊళ్లో వాన పడలేదు. చెనిక్కాయ బాగా కాస్తోంది. తంగేడు పూస్తోంది. కరువు గ్రామాల జాబితాలో మా పేరు ఎప్పుడూ మొదట ఉంటుంది. వేరే ఊళ్ల నుంచి అధికారులు వచ్చి, ఇంత కరువును ఇంత పచ్చగా ఎలా నిలబెట్టారని అడిగి పోతున్నారు.

పోయిన వారం వంక పొంగింది. బస్సు అవతలి ఒడ్డున నిలిచిపోయింది. ప్రయాణికులు కిటికీల్లోంచి తలలు బయటికి పెట్టి అరుస్తున్నారు. కండక్టరు దిగి, ఎర్రగా సుడులు తిరుగుతున్న నీళ్ల అంచున నిలబడి, ఇవతల కంబళి మీద నుంచి వాన కారుతుంటే నిలబడ్డ సుంకులమ్మను కేకేసి అడిగాడు.

"ఏమ్మా! ఎంతసేపు పడుతుందీ వంక తగ్గడానికి?"

"వంకేందప్పా?" అంది సుంకులమ్మ. "గొర్లు అడ్డం పోతాండాయి. రవ్వంత ఆగు."